కొటారు మీద తాటాకు

ఈ కోర్సులో ఏం నేర్చుకున్నావో
పది వాక్యాలకు మించకుండా రాయమన్నారు.
కాగితం మీద గీతలు పదే ఉన్నాయి.
లెక్కపెట్టాను.

మొదటి సినిమా మూడు నిమిషాలు.
నెల్లూరు చేపల మార్కెట్టు, తెల్లవారుజామున.
ఇప్పుడు చూస్తే కడుపులో తిప్పుతుంది.
కెమెరా ఒక్క చోట కుదురుగా నిలబడదు,
తప్పిపోయిన పిల్లలాగా
కనబడ్డ ప్రతి మనిషి కొంగూ పట్టుకు లాగుతుంది.
జూమ్‌తో ఇరవై మూడు సార్లు దగ్గరికి గుంజాను.
కొరమీను కన్ను, కత్తి అంచు, మళ్లీ కొరమీను కన్ను.
పైగా వయొలిన్.

లైట్లార్పి చూపించినప్పుడు
జిలానీ సార్ ఏమీ అనలేదు.
కళ్లజోడు తుడుచుకుంటూ
"ఆ చేపలమ్మే ఆమె గొంతు ఎట్టుంటదమ్మాయ్?" అని మాత్రం అడిగారు.
తెలీదు.
వయొలిన్ కింద దాన్ని నేనే పూడ్చేశాను.

రెండోది ఇస్కపల్లి ఉప్పు కయ్యల్లో.
అల్లూరు దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో,
ఆటో బయటికి కాళ్లు చాపుకుని ట్రైపాడ్.
వెలుతురు బాగుంటుందని మిట్టమధ్యాహ్నం పోయాం!
తీరా చూస్తే తెరంతా తెలుపు,
తెల్ల కాగితం మీద సుద్దముక్కతో గీసిన మనుషులు.
"తెలుపులోనూ గీతలుంటాయి,
అవి చెరిగిపోకుండా వెలుగు తగ్గించుకో" అన్నారు సార్.
మొహాలు నల్లబడతాయి కదా సార్?
"ఆ ఎండలో నిలబడితే నువ్వు నల్లబడవా?"

మూడోసారి చీకటితోనే బయల్దేరాం.
గాలి గోల వినపడకుండా
ప్రభుదాసు మైకుకి వాళ్ల నాయన ఉన్ని మేజోడు తొడిగాడు.
హెడ్‌ఫోన్సు పెట్టుకున్నాక గదా తెలిసింది,
చెక్కపారతో లాగుతుంటే ఉప్పు
పచ్చి బియ్యం నమిలినట్టు చప్పుడు చేస్తుందని.
కాసేపు కెమెరా తియ్యడం మర్చిపోయి
అదే వింటా కూచున్నా.

"ఏందమ్మాయ్, మళ్లా వొచ్చినావా?
పోయినసారి బొమ్మ పడలా?"
పడలేదు పెద్దమ్మా.
"మాకూ అంతేలే. వాన పడిందంటే మొదట్నించీ."
అని మస్తానమ్మ నవ్వింది.
ఆ నవ్వు నా దగ్గర లేదు.
ఎర్ర చుక్క వెలిగిందనుకున్నాను, వెలగలేదు.

తర్వాత మాత్రం కదల్లేదు.
నాలుగు నిమిషాలు.
ఆమె లాగింది, ఆగింది,
నడుం మీద చెయ్యి వేసుకుని సముద్రం వైపు చూసింది,
మళ్లీ లాగింది.
నా వేలు జూమ్ మీద దురద పెట్టింది.
వెనక్కి తీసి గుప్పిట మూశాను.

క్లాసులో అందరూ చప్పట్లు కొట్టింది ఆ నాలుగు నిమిషాలకే.

నెల తర్వాత ల్యాప్‌టాప్ తీసుకుని పోయి
గొడుగు నీడలో మస్తానమ్మకి చూపించాను.
తన మొహం వైపు ఆమె చూడనే లేదు.
ఉప్పంటిన వేలు తెర మూల మీద పెట్టింది.
"అదో, ఆ కొటారు మీద తాటాకు లేసుండాదే!
ఆ రాత్రే గదా వాన కొట్టింది.
అప్పుడే ఒక్క మాట చెప్పుంటే
రాయన్నా పెట్టుందుం గదమ్మాయ్."
తప్పు పట్టినట్టు లేదు ఆ గొంతు.
కూర చల్లారిపోయిందన్నట్టు ఉంది.

ఆమె కంటి కింది ముడతల మీద
ఫోకస్ చెక్కుచెదరకుండా నిలిపానని
నెలంతా మురిశాను.
అందంగా ఉంటుందని వెనకంతా మసకబార్చింది కూడా నేనే.
ఆ మసకలో అరవై బస్తాలున్నాయి.

ట్రైపాడ్ గురించి రాశాను. వెలుగు గురించి, మేజోడు గురించి,
గుప్పిట మూసిన వేలి గురించి.
తొమ్మిది గీతలు నిండాయి.
పదో దాని మీద 'తాటాకు' అని రాసి
కొట్టేశాను.
మళ్లీ రాశాను.
అర్థం కాకపోతే సారే అడుగుతారు.